ఆడని సినిమాల్లో మన గోడు

పత్తి బండి యార్డు గేటు దాటిన కాసేపటికే దానికి రేటు కట్టేస్తారు. కొనేవాడు గుప్పెడు దూది లాగి చూసి, తేమ ఉందంటాడు, రంగు మారిందంటాడు, ఒక అంకె చెప్పి పక్క బండి దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ అంకె మన పంట నాణ్యతను చెప్పదని మనకు తెలుసు. ఆ రోజు ఎన్ని బండ్లు వచ్చాయి, కొనేవాళ్లు ఎందరున్నారు, మన అప్పు గడువు ఎంత దగ్గర పడింది అన్నవే దాన్ని తేలుస్తాయి. ఇంత తెలిసిన మనం సినిమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం బజారు మాటే నమ్ముతున్నాం. శుక్రవారం పొద్దుటి ఆట అయ్యేసరికి 'ఫ్లాప్' అన్నారంటే, ఆ సినిమా పేరు మన ఊళ్లో మళ్లీ ఎవరూ ఎత్తరు.

మద్దతు ధర గురించీ, పంటల బీమా గురించీ, కౌలు రైతుల గుర్తింపు కార్డుల గురించీ రాయాల్సిన పత్రికలో సినిమాల ముచ్చట ఎందుకని కొందరు అడగవచ్చు. మా జవాబు ఇది. పల్లె ముఖం చూడని కోట్ల మందికి రైతు తెలిసేది తెర మీదే. రుణమాఫీ అనగానే పట్నంలో ఒకాయన మొహం చిట్లిస్తాడంటే, ఆయన మనసులో ఉన్న రైతు బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి. మన బతుకును ఉన్నదున్నట్టు చూపిన సినిమాలు లేకపోలేదు. వాటిలో చాలావాటికి డబ్బు రాలేదు. డబ్బు రాలేదు కాబట్టి 'రైతు సినిమా ఆడదు' అనే మాట పరిశ్రమలో స్థిరపడిపోయింది. ఆ మాటను రైతులమే ఒప్పుకుని కూర్చోవడం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

తీర్పు ఎలా పడుతుంది

సినిమా వ్యాపారం మన వ్యాపారానికి దూరపు చుట్టమేమీ కాదు. నిర్మాత చాలాసార్లు వడ్డీకి తెచ్చి సినిమా తీస్తాడు. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ప్రాంతాలవారీగా బయ్యర్లు ముందే బేరం ఆడతారు. అడ్వాన్సు ఇచ్చినవాడి మాట నెగ్గుతుంది. పెట్టుబడి ఇచ్చిన షావుకారుకే పంట తోలాల్సి వచ్చే రైతు పరిస్థితి గుర్తుకు రావడం లేదా? చిన్న ఊళ్లలో థియేటర్లు అద్దె మీద నడుస్తాయి. హాలు నిండినా నిండకపోయినా వారానికి ఇంత అని కట్టాలి. పెద్ద హీరో సినిమా వచ్చే వారం ఉందంటే, ఈ వారం సినిమాను అది ఎంత బాగున్నా దించేస్తారు. జనం ఒకరికొకరు చెప్పుకుని వచ్చేలోపు బోర్డు మారిపోతుంది.

మిర్చి రైతుకు కనీసం కోల్డ్ స్టోరేజీ అనే దారి ఒకటి ఉంది. చేతిలో నాలుగు డబ్బులుంటే రేటు వచ్చేదాకా ఆగవచ్చు. సినిమాకు చాలాకాలం ఆ వీలు లేదు. తర్వాత టీవీ వచ్చింది, ఆ తర్వాత ఫోన్లు వచ్చాయి. ఆగిన సినిమాలకు అవే గిడ్డంగులయ్యాయి. మొదటి వారంలో పోయిన సినిమాను పదిహేనేళ్ల తర్వాత జనం వెతుక్కుని చూస్తున్నారంటే, మారింది సినిమా కాదు కదా. బజారు తొందర పోయింది, అంతే.

ఆడనివ్వని సినిమా

ఫ్లాపుల లెక్కలోకి రాకముందే గొంతు నొక్కిన సినిమాలూ ఉన్నాయి. తెలుగువాళ్లం మొదట చెప్పుకోవాల్సింది గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతు బిడ్డ'. అది 1939లో వచ్చింది. అప్పటికి తెలుగు తెర మీద దేవుళ్లు, రాజులే ఎక్కువ. అలాంటి రోజుల్లో జమీందారీ పెత్తనం కింద నలిగే రైతును నడిమధ్యన నిలబెట్టి కథ చెప్పారు. బళ్లారి రాఘవ లాంటి మహానటుడు అందులో రైతు వేషం కట్టారు. కొసరాజు పాటలు రాశారు. విచిత్రమేమిటంటే, ఆ సినిమా తీసిన సారథి సంస్థ వెనుక ఉన్నది చల్లపల్లి రాజా. ఒక జమీందారు డబ్బుతో తీసిన సినిమా మీద మిగతా జమీందారులు మండిపడ్డారు. కొన్నిచోట్ల నిషేధం దాకా వెళ్లింది.

ఆ సినిమా అడిగిన ప్రశ్నకు చట్టం జవాబు చెప్పడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. మధ్యలో రైతు సంఘాల యాత్రలు, సభలు, కేసులు, జైళ్లు ఎన్నో ఉన్నాయి. సినిమా వల్లే చట్టం వచ్చిందని మేం అనడం లేదు. ఊరూరా రైతులు అంటున్న మాటను అది పెద్దగా అన్నది. ఆ మాట నచ్చనివాళ్ల చేతిలో అధికారం ఉంది కాబట్టి ఆగింది. అలాంటి సినిమాను వసూళ్లతో కొలిస్తే మనకు ఏం తెలుస్తుంది?

కాలం కలిసి రానిది

బెంగాల్‌లో 1943లో కరువు వచ్చింది. వానలు లేక వచ్చిన కరువు మాత్రమే కాదది. యుద్ధం, దాచిన ధాన్యం, చేతికందని బియ్యం ధర, పట్టించుకోని తెల్లదొరల పాలన అన్నీ కలిసి తెచ్చిన కరువు. సుమారు 30 లక్షల మంది చనిపోయారని సాధారణంగా చెప్పే అంచనా. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది ధాన్యం పండించే పల్లెల వాళ్లే. కూలీలు, చేపలు పట్టేవాళ్లు, చిన్న రైతులు.

ఆ కరువు మీద ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ 1946లో 'ధర్తీ కే లాల్' తీశారు. అంటే భూమి బిడ్డలు. ప్రజా నాట్యమండలి, ఇప్టా అని మనం పిలుచుకునే సంస్థే దాన్ని నిర్మించింది. బిజన్ భట్టాచార్య నాటకం 'నబాన్న', కిషన్ చందర్ రాసిన 'అన్నదాత' ఆ సినిమాకు ఆధారం. ఈ కిషన్ చందర్ మనకు పరాయివాడు కాదు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద ఆయన రాసిన నవలే తర్వాత 'మా భూమి' సినిమా అయింది.

'ధర్తీ కే లాల్'లో కథ మనకు చెప్పక్కర్లేదు. ధర బాగుందని ధాన్యం అమ్ముకున్న చిన్న రైతు, కొన్నాళ్లకు అదే ధాన్యం కొనుక్కోలేకపోతాడు. అప్పు, ఆ తర్వాత భూమి పోవడం, ఆ తర్వాత కలకత్తా వీధులు. ఇంటి ఆడవాళ్ల మానం దాకా వెళ్లిన ఆకలి. చివర పల్లెకు తిరిగివచ్చినవాళ్లు ఒక్కొక్కరుగా బతకలేమని తెలుసుకుని కలిసి సేద్యం మొదలుపెడతారు. తెర మీద కనిపించే ఆకలి జనంలో కిసాన్ సభ సమీకరించిన అసలు రైతులు ఉన్నారు. రైతు సంఘం వాళ్లు తమ కథలో తామే నిలబడిన సినిమా అది.

బొంబాయిలో ఆ సినిమా విడుదలైన రోజుల్లోనే మతకల్లోలాలు చెలరేగాయి. ఇంట్లోంచి కాలు బయటపెట్టడానికే భయపడే రోజుల్లో సినిమా హాలుకు ఎవరు వెళతారు? డబ్బు రాలేదు. ఇక్కడ ఓడింది కథ అనాలా, దర్శకుడు అనాలా? కోతకు వచ్చిన చేను మీద వడగళ్లు పడితే రైతుకు సేద్యం చేతకాదని ఎవరైనా అంటారా? అయినా లెక్కల పుస్తకంలో దాని పక్కన నష్టం అనే రాశారు. కొన్నేళ్లకు అదే సినిమాను సోవియట్ దేశంలో విస్తృతంగా చూపించారు. బలరాజ్ సాహ్ని అందులో నటించారు. ఏడేళ్ల తర్వాత 'దో బీఘా జమీన్'లో భూమి దక్కించుకోవడానికి కలకత్తాలో రిక్షా లాగే రైతుగా ఆయన్ని దేశమంతా గుర్తుపెట్టుకుంది. ఆ రెండో సినిమాకు నేల దున్నింది మొదటిదే.

ముగింపు మార్చనిది

ఎడ్లబండి తోలిన చేతులు ఇంకా మన సంఘంలో ఉన్నాయి. వాళ్లు తప్పక చూడాల్సిన సినిమా 'తీస్రీ కసమ్'. 1966లో వచ్చింది. ఫణీశ్వరనాథ్ రేణు బీహార్ పల్లెల గురించి రాసిన కథ. మాటలు కూడా ఆయనే రాశారు. పాటల రచయిత శైలేంద్ర సొంత డబ్బు పెట్టి, అప్పులు చేసి నిర్మించారు. శైలేంద్ర ఒకప్పుడు రైల్వే వర్క్‌షాపులో కార్మికుడు, ఇప్టా మనిషి. 'దో బీఘా జమీన్' పాటలూ ఆయనవే.

కథలో హీరామన్ బండి తోలుకుని బతికేవాడు. దొంగసరుకు ఎక్కించుకుని పోలీసుల చేతికి చిక్కబోయి తప్పించుకుంటాడు. ఇక ఆ సరుకు ఎక్కించనని మొదటి ఒట్టు. బండికి ముందుకు పొడుచుకొచ్చిన వెదుళ్లు ఇంకొకరి గుర్రబ్బండికి తగిలి దెబ్బలు తింటాడు. ఇక వెదుళ్లు మొయ్యనని రెండో ఒట్టు. మూడోసారి జాతరకు వెళ్లే నాటకాల మనిషి హీరాబాయిని ఎక్కించుకుంటాడు. దారి పొడుగునా మాటలు, పాటలు, కథలు. ఆమెను ఊరు ఏమంటుందో అతనికి తెలియదు. తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఆమె రైలెక్కి వెళ్లిపోతుంది. ఇక నాటకాల మనిషిని ఎక్కించుకోనని మూడో ఒట్టు పెట్టుకుని అతను ఎడ్లను అదిలిస్తాడు.

రాజ్ కపూర్, వహీదా రెహమాన్ లాంటి పేరున్న తారలు ఉన్నా సినిమా ఆడలేదు. ఇద్దరినీ కలిపి సుఖంగా ముగించమని ఒత్తిడి వచ్చినా శైలేంద్ర ఒప్పుకోలేదు. బండివాడికీ, నాటకాల మనిషికీ ఆ కాలపు సమాజం అలాంటి ముగింపు ఇవ్వదని రేణుకు తెలుసు, శైలేంద్రకూ తెలుసు. అబద్ధపు ముగింపు పెడితే డబ్బులు వచ్చేవేమో. సినిమా విడుదలైన ఏడాదే, 1966 డిసెంబరు 14న శైలేంద్ర కన్నుమూశారు. ఆయనకు 43 ఏళ్లు. అప్పుల బాధ, నమ్మినవాళ్లు మొహం చాటేసిన బాధ ఆయన్ని కుంగదీశాయని ఆయన్ని ఎరిగినవాళ్లు చెబుతూ వచ్చారు. ఆ ఏటి ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణ పతకం ఆ సినిమాకే దక్కింది. అప్పటికి శైలేంద్ర లేరు.

అప్పు చేసి పంట వేసి, రేటు రాక కుంగిపోయినవాళ్లను మనం ప్రతి మండలంలో చూశాం. వాళ్ల పంట మంచిదే. ఇప్పుడు 'తీస్రీ కసమ్' హిందీ సినిమాల్లో ఆణిముత్యమని అందరూ అంటారు. ఆ మాట సమయానికి వచ్చి ఉంటే ఒక మనిషి ఇంకొన్నాళ్లు బతికేవాడేమో. మంచి సరుకును గుర్తించడంలో బజారు చేసే ఆలస్యానికి ఎవరో ఒకరు మూల్యం కడుతూనే ఉంటారు. అది సినిమాలోనూ అంతే, సేద్యంలోనూ అంతే.

మనల్నే ప్రశ్నించేది

కొన్ని సినిమాలు ఆడకపోవడానికి కారణం బజారొక్కటే కాదు. చూసేవాళ్లకు మింగుడుపడనివీ ఉంటాయి. 1977లో మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' అలాంటిది. ఆయనకు తెలుగు రాదు. అయినా ప్రేమ్‌చంద్ రాసిన 'కఫన్' కథను తెలుగు పల్లెకు తెచ్చారు. తండ్రి వెంకయ్య, కొడుకు కిష్టయ్య. ఇద్దరూ పని చెయ్యరు. ఒళ్లు వంచి పని చేసేవాడు మాత్రం ఏం బాగుపడ్డాడు, వాడి చెమటంతా ఆసామి గాదెలోకే పోయిందిగా అన్నది వెంకయ్య వాదం. కోడలు నీలమ్మ ఇంటికి వచ్చి రెక్కలు ముక్కలు చేసుకుంటుంది. కాన్పు కష్టమై చనిపోతుంది. ఆమె అంత్యక్రియలకు తండ్రీకొడుకులు ఊరి మీద పడి అడుక్కుంటారు.

ఆ సినిమాకు జాతీయ అవార్డు వచ్చింది. కార్లోవీ వారీ లాంటి విదేశీ చిత్రోత్సవాల్లో గౌరవం దక్కింది. మన ఊళ్లలో మాత్రం దాన్ని చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. చూసినవాళ్లలోనూ కొందరు 'పేదవాణ్ని సోమరిగా చూపించాడు' అన్నారు. మేం అలా అనుకోవడం లేదు. వెంకయ్య సోమరితనం అతని తిరుగుబాటు. అది తప్పుడు దారి పట్టిన తిరుగుబాటు. దాని బరువంతా చివరికి ఒక ఆడదాని మీద పడింది. సినిమా ఈ రెండు సంగతులనూ దాచకుండా చెప్పింది.

మన సంఘంలో పదెకరాల రైతూ ఉన్నాడు, కౌలు రైతూ ఉన్నాడు, కూలికి వెళ్లే అక్కా ఉంది. 'కూలీలు దొరకడం లేదు, ఉపాధి పని వచ్చాక ఎవరూ వంగడం లేదు' అనే మాట మన సమావేశాల్లోనే వినిపిస్తుంది. ఆ మాట అనేవాళ్ల పక్కన కూర్చుని ఈ సినిమా చూడాలని మా కోరిక. కూలి మనిషి ఎందుకు వంగాలో వెంకయ్య అడుగుతాడు. మద్దతు ధర లేకుండా నేనెందుకు పండించాలని ప్రభుత్వాన్ని అడిగే మనకు, ఆ ప్రశ్న అర్థం కాకపోవడానికి వీల్లేదు. హాయిగా లేదు కాబట్టి బాగాలేదని అనేసి లేచి వెళ్లిపోవడం తేలిక. ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగడం కష్టం. ఆ కష్టం పడితే సంఘం బలపడుతుంది.

మన కాలంలో

పాత సినిమాల సంగతి సరే, ఇప్పటివి చూద్దాం. 2010 అక్టోబరులో మహేశ్ బాబు హీరోగా, త్రివిక్రమ్ దర్శకత్వంలో 'ఖలేజా' వచ్చింది. థియేటర్లలో చతికిలబడింది. టీవీలో వేసిన ప్రతిసారీ జనం చూశారు. 2025లో మళ్లీ విడుదల చేస్తే హాళ్లు కిటకిటలాడాయి. కుర్రాళ్లు అందులోని హాస్యం కోసం చూస్తారు, మంచిదే. కానీ కథ ఏమిటి? ఒక మారుమూల పల్లె నేల కింద విలువైన ఖనిజం ఉంటుంది. దాని కోసం ఒక కంపెనీ పెద్దమనిషి ఆ ఊరి నీళ్లలో విషం కలిపిస్తాడు. జనం కారణం తెలియని జబ్బుతో రాలిపోతుంటారు.

ఆ సినిమా రావడానికి మూడు నెలల ముందు, 2010 జూలై 14న, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల భూములను థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇవ్వబోమని నిలబడ్డ రైతులు, మత్స్యకారుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ప్రాణాలు పోయాయి. సినిమా సోంపేట గురించి తీసింది కాదు. దాని పరిష్కారం కూడా మనకు పనికొచ్చేది కాదు. ఊరిని కాపాడేందుకు దేవుడి లాంటి హీరో దిగివస్తాడు. సోంపేటలో ఎవరూ దిగిరాలేదు, జనమే నిలబడ్డారు. అయినా భూమి, నీరు, కంపెనీ, చావు అనే నాలుగు సంగతులను ఒక పెద్ద హీరో సినిమా ఒక్క తాటి మీదికి తెచ్చింది. ఆ రోజు ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. ఓపెనింగ్స్ గురించే మాట్లాడారు.

నీలమాధవ్ పండా తీసిన 'కడ్వీ హవా' 2017లో వచ్చింది. వానలు మొహం చాటేసిన ఊళ్లో చూపులేని ముసలి రైతు. కొడుకు బ్యాంకు అప్పు కింద నలిగి ఏమైపోతాడోనని అతని దిగులు. అప్పు వసూలుకు వచ్చే ఏజెంటును ఊళ్లో యమదూత అంటారు. ఆ ముసలాయన అతనితోనే ఒప్పందం చేసుకుంటాడు. ఊళ్లో ఎవరి దగ్గర డబ్బు ఉందో తాను చెబుతాడు, బదులుగా కొడుకు అప్పు తగ్గించాలి. ఆ ఏజెంటుదీ తేలిక బతుకు కాదు. అతని కుటుంబం ఒడిశా తీరంలో సముద్రం మింగేస్తున్న ఊళ్లో ఉంది. ఒకచోట నీళ్లు లేక, ఒకచోట నీళ్లు ముంచి, ఇద్దరు పేదలు ఒకరి గొంతు మీద ఒకరు కాలు పెట్టే పరిస్థితి. సినిమా వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. వాతావరణ మార్పు గురించి సదస్సుల్లో వినే ఉపన్యాసాల కంటే ఆ గంటన్నర కథ ఎక్కువ చెబుతుంది.

ఇక తమిళంలో మణికందన్ తీసిన 'కడైసి వివసాయి', అంటే చివరి రైతు. 2022లో వచ్చింది. కథానాయకుడు నల్లాండి ఎనభై దాటిన అసలు రైతు. సినిమా విడుదలకు ముందే చనిపోయారు. కథలో ఊరి దేవతకు కొత్త వడ్లు మొక్కు చెల్లించాలి. అందరూ భూములు అమ్ముకున్నారు, వడ్లు పండించేవాడు ఆ ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఆయన నారు పోస్తాడు. ఇంతలో పొలంలో చచ్చిన నెమళ్లు కనిపిస్తే పూడ్చిపెడతాడు. వాటిని చంపాడని పోలీసులు కేసు పెడతారు. కోర్టుకు తిరగడం మొదలవుతుంది. ఆయనకు శిక్ష గురించి భయం లేదు, నీళ్లు లేక పైరు ఎండిపోతుందనే దిగులు. పైరు బాగోగులు చూడమని న్యాయమూర్తి పోలీసులకే చెప్పాల్సి వస్తుంది. భూమి రికార్డులో ఒక్క అక్షరం తప్పుపడి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన రైతుకు ఈ సినిమా వివరించక్కర్లేదు. దానికి జాతీయ అవార్డులు వచ్చాయి, పెద్ద వసూళ్లు రాలేదు.

అన్ని ఫ్లాపులూ ఆణిముత్యాలు కావు

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆడని ప్రతి సినిమా గొప్పది కాదు, ఆడిన ప్రతిదీ చెడ్డది కాదు. తాలు గింజలకు రేటు రాలేదని యార్డును తిట్టలేం. రైతు పేరు పోస్టరు మీద పెట్టి, నాగలి భుజాన వేసి, రెండు ఉపన్యాసాలు దంచి వదిలిన సినిమాలు పోతే పోనీ. మరోవైపు 1955లో తాపీ చాణక్య తీసిన 'రోజులు మారాయి' ఊరూరా ఆడింది. గౌతమ్ ఘోష్ 'మా భూమి' పెద్ద తారలెవరూ లేకుండా బాగా ఆడింది. కాబట్టి 'రైతు సినిమా ఆడదు' అనే మాట మొదటి నుంచీ అబద్ధమే. ఇటీవల 'ఖైదీ నంబర్ 150', 'మహర్షి' డబ్బు చేసుకున్నాయి. వాటి వల్ల రైతు గురించి నాలుగు మాటలు నడిచాయి, కాదనం. కానీ వాటిలో రైతు నోరు తెరవడానికి బయటి నుంచి హీరో రావాలి. రైతు చేతులు కట్టుకుని ఎదురుచూస్తుంటాడు.

మేం సినిమాను చూసే పద్ధతి సులువైనది. నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు, రైతా, ఆయన్ని కాపాడడానికి వచ్చినవాడా? అప్పు ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయిందో చూపించారా, ఒక్క పాటలో తీర్చేశారా? ఇంట్లో, పొలంలో ఆడవాళ్లు చేసే పని కనిపిస్తోందా? ఈ మూడింటికీ జవాబు దొరికితే, అది ఎన్ని రోజులు ఆడిందన్నది మనకు అనవసరం.

ఏం చేద్దాం

సంఘం గ్రామ శాఖలకు మా సూచనలు కొన్ని ఉన్నాయి. వేసవిలో పనులు తగ్గిన రోజుల్లో, నెలకు ఒక రాత్రి, బడి ఆవరణలోనో పంచాయతీ ఆఫీసు ముందో ఒక సినిమా వేద్దాం. ప్రొజెక్టరు అద్దెకు దొరుకుతుంది, తెల్ల దుప్పటి చాలు. నలుగురి ముందు వేసేటప్పుడు హక్కులున్నవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. మన పంటకు ధర ఇవ్వమని అడిగే మనం, వాళ్ల పంటను ఉత్తినే తీసుకోకూడదు. జిల్లా కమిటీలు ఆ పని నెత్తిన వేసుకుంటే శాఖలకు తేలిక.

హిందీ, తమిళ సినిమాలైతే భాష తెలిసిన కుర్రాడొకడు మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పాలి. హరికథలు, బుర్రకథలు విన్న ఊళ్లకు మధ్యలో ఆపి చెప్పడం కొత్తేమీ కాదు. సినిమా అయ్యాక అరగంట మాట్లాడుకుందాం. మొదట కూలి పనికి వెళ్లే అక్కచెల్లెళ్లు, కౌలు రైతులు మాట్లాడాలి, నాయకులు చివర. 'ఒక ఊరి కథ' తర్వాత జరిగే చర్చ వేడిగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇంకో పని ఉంది. తెలుగులో తొలినాళ్ల టాకీల్లో చాలావాటి ప్రింట్లే మిగల్లేదు. మిగిలిన వాటిని పుణేలోని జాతీయ చలనచిత్ర భాండాగారం లాంటి సంస్థలు కాపాడుతున్నాయి. ఆడలేదన్న సినిమా రీలును దాచడానికి ఎవరూ ఖర్చు పెట్టరు, అందుకే అవి ముందు పోతాయి. మన ఊళ్లలోని పెద్దవాళ్లు చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో చూసిన పల్లె సినిమాల సంగతులు, వాటి పాటలు, వాటి మీద ఊళ్లో జరిగిన గొడవలు రాసి పంపండి. పత్రికలో వేస్తాం. దేశవాళీ విత్తనాన్ని దాచినట్టే వీటినీ దాచుకోవాలి. బజారులో అడిగేవాడు లేడని విత్తనం పారేసుకున్న ఊళ్లు తర్వాత దాని కోసం ఎంత తిరిగాయో మనకు తెలుసు.

మొదటి ప్రదర్శనకు మా సలహా 'తీస్రీ కసమ్'. ఎడ్లు ఉన్న ఊరైతే బండ్లు కట్టుకునే రండి.